మరమగ్గమునకు లెక్క యంత్రము

కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడు మొదటి కుంచమును "ఒకటి" అనక "లాభము" అని ఆరంభించుట మన పల్లెలలో అందరు నెరిగిన ఆచారమే. కొలుచువాడు బిగ్గరగా లెక్క చెప్పుచుండును. రైతును, కౌలుదారును, కూలివాడును దగ్గర నిలిచి వినుచుందురు. ఆ లెక్కపై తగవు అరుదుగా వచ్చుటకు కారణము అది అందరి యెదుట, అందరి చెవిని పడునట్లు జరుగుటయే. మర వచ్చిన చోట ఈ సదుపాయము పోయినది. నిమిషమునకు 150 మారులు కదలు యంత్రము ముందు నిలిచి లెక్క చెప్పగలవా రెవరు?

సిరిసిల్ల పట్టణమునను, తంగళ్ళపల్లి వంటి పరిసర గ్రామములలోను, చిత్తూరు జిల్లా నగరి ప్రాంతమునను మరమగ్గములు ఎన్నో కుటుంబములకు జీవనాధారములై యున్నవి. సిరిసిల్ల వారు వీనిని సాంచాలందురు. ఇచ్చట కార్మికునకు కూలి సాధారణముగా నెలకింత యని గాక, నేసిన గుడ్డను బట్టి లభించుచుండును. ఒకే మగ్గముపై పగలొకరు, రాత్రి యొకరు పనిచేసినప్పుడు ఎవరి నేత ఎంతవరకను ప్రశ్న పుట్టును. గుడ్డ తీసి కొలిచిన పిదప మీటరు తగ్గినదని యొకరు, తగ్గలేదని యొకరు వాదించుకొందురు. ఇట్టి వివాదములు తుదకు పంచాయతీ సభ్యుల వాకిటికే వచ్చుచుండును. కావున యంత్రమే తన పనిని లెక్కించుకొను విధానమును సభ్యులు కొంత తెలిసికొనుట అవసరము.

మొదట లెక్కింపవలసిన దేమి? పడుగు దారముల నడుమ నాడె ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు పోయినచో ఒక పేక పోగు పడును. షెడ్లలో దీనిని పిక్కు అందురు. అంగుళమునకు 48 పిక్కుల గుడ్డ నేయుచున్నారనుకొందము. మీటరుకు 39.37 అంగుళములు గనుక, ఒక మీటరు గుడ్డకు సుమారు 1,890 పిక్కులు పడును. పిక్కుల సంఖ్య తెలిసినచో గుడ్డను మగ్గమునుండి విప్పకయే ఎన్ని మీటర్లు నేయబడెనో చెప్పవచ్చును. మగ్గముపై బిగువుగా నున్న గుడ్డ తీసిన పిదప కొంచెము కుదించుకొనును. ఆ వ్యత్యాసమును ముందే ఒప్పుకొని యుండవలెను.

పూర్వమునుండి వాడుకలో నున్నది పండ్ల చక్రముల లెక్క యంత్రము. మోటారు సైకిలుపై తిరిగిన దూరమును చూపు అంకెల చక్రముల వంటిదే యిది. మగ్గపు ఇరుసు తిరిగినప్పుడెల్ల ఒకట్ల చక్రము ఒక అంకె ముందుకు జరుగును. అది పూర్తిగా ఒక చుట్టు తిరిగినచో పదుల చక్రము ఒక అంకె కదలును. దీనికి విద్యుచ్ఛక్తి అక్కరలేదు. అయితే కాలక్రమమున పండ్లు అరుగును. నూగు చేరి మీట జారును. నూనె వేయని షెడ్డులో దీని మాట నమ్మరాదు.

ఇప్పుడు ఎక్కువగా బిగించుచున్నది ప్రాక్సిమిటీ సెన్సరు అను పరికరము. చూచుటకు ఇది పెద్ద బోల్టువలె నుండును. దాని కొనలో చుట్టబడిన తీగచుట్ట యొకటి వేగముగా మారుచుండు అయస్కాంత క్షేత్రమును పుట్టించుచుండును. ఇనుప ముక్క ఏదైన కొన్ని మిల్లీమీటర్ల దూరమునకు వచ్చినచో ఆ క్షేత్రము బలహీనపడును. వెంటనే పరికరము ఒక విద్యుత్ సంకేతమును పంపును. దానికి తీగతో కలుపబడిన కౌంటరు ఒక అంకె పెంచును. ఇనుము దానిని తాకనక్కరలేదు గనుక అరుగుదల లేదు. వెలుతురుతో పనిచేయు సెన్సర్లును గలవు గాని, నూగు నిండిన నేత షెడ్డులో వాని కంటికి తరచుగా పొర కమ్మును.

పరికరము మంచిదైనంత మాత్రమున లెక్క సరియగునని తలపరాదు. దానిని ఎక్కడ బిగించితిమను దానిపైననే సర్వము ఆధారపడి యున్నది. సాధారణ నాడె మగ్గములో పై ఇరుసు ఒక చుట్టు తిరిగినచో ఒక పిక్కు పడును. క్రింది ఇరుసు మాత్రము రెండు పిక్కులకు ఒక చుట్టు తిరుగును. ఈ తేడా తెలియక జరిగిన ఒక గడబిడను నేను ఒక షెడ్డులో కన్నులార చూచితిని. చేయి అందుటకు అనుకూలముగా నున్నదని అమర్చినవాడు సెన్సరును క్రింది ఇరుసు వద్ద బిగించిపోయెను. వారము తిరుగునప్పటికి పుస్తకములో పని సగమునకు పడిపోయెను. యంత్రము అబద్ధమాడదని యజమాని. చేసిన పని ఎటుపోయినదని కార్మికులు. మాటలు పెరుగుచుండగా ఒక వృద్ధ కార్మికుడు మోటారు ఆపించి, చేతిచక్రముతో మగ్గమును మెల్లగా త్రిప్పి, నాడె దాటినప్పుడెల్ల ఒక చింతగింజను నేలపై పెట్టెను. పది గింజలు పేర్చుసరికి కౌంటరు అయిదు చూపెను. ఆ పిదప ఎవరును మాటాడలేదు. యజమాని ఆ సాయంకాలమే పాత లెక్కను రెట్టించి బాకీ చెల్లించెను.

దీనికి విరుద్ధమైన పొరపాటును కలదు. తిరుగు చక్రముపై సెన్సరు చూడవలసిన ఇనుప గుర్తు ఒక్కటే యుండవలెను. ప్రక్కన మరియొక బోల్టు తల పొడుచుకొని యున్నచో ఒక్క చుట్టునకు రెండు లెక్కలు పడును. పట్టీ వదులై యున్నచో మగ్గపు అదురునకు ఎడము మారి, కొన్ని పిక్కులు లెక్కకు రాకపోవును. సెన్సరు తీగను మోటారు తీగతో కలిపి కట్టరాదు; మోటారు వేయునప్పుడును, ఆపునప్పుడును లేని అంకెలు చేరుటకు అవకాశ మున్నది. కరెంటు పోయినను అంకె చెరగని కౌంటరునే అడిగి కొనవలెను. బిగించువేళ మెయిను స్విచ్చి ఆపి, ఎవరును వేయకుండ ఒక మనిషిని దాని వద్ద నిలుపవలెను. బిగింపు కొరకు విప్పిన కాపుదల రేకులను తిరిగి అమర్చకుండ మగ్గము నడుపరాదు. లెక్కకొరకు వ్రేళ్ళు పోగొట్టుకొనిన వానికి ఆ లెక్క ఎందులకు?

ఇక అంకె చెప్పు సంగతి. నిమిషమునకు 150 పిక్కుల వేగముతో ఎనిమిది గంటలు ఎడతెగక నడచినచో 72,000 పిక్కులు పడవలెను. అనగా పై గుడ్డ సుమారు 38 మీటర్లు. దినాంతమున కౌంటరు 54,000 చూపినచో నేసినది ఇంచుమించు 28న్నర మీటర్లు. మగ్గము అదే వేగమున నడచినదైనచో రెండు గంటలు ఆగియున్నదని అర్థము. ఎందుకు ఆగినదో మాత్రము కౌంటరు చెప్పదు. పడుగు తెగినదా, కండెలు అందలేదా, కరెంటు పోయినదా, లేక ఒక్క మనిషికి అప్పగించిన మగ్గములు మితిమీరినవా యను విషయమును మనుష్యులే వ్రాయవలెను. నా అనుభవములో నాసిరకపు నూలు వలన తెగిన పోగులను కార్మికుని సోమరితనముగా వ్రాసిన పుస్తకములే ఎక్కువ. నాణ్యమును గూడ ఈ యంత్రమెరుగదు. పేక తెగినప్పుడు మగ్గమును ఆపు ముల్లు చెడిపోయినచో నాడె వట్టిగా తిరుగుచున్నను అంకె పెరుగుచునే యుండును.

బూడిద ఇటుకల యంత్రములకును ఇదే న్యాయము. సెన్సరు మోటారును గాక, అచ్చుపై పూర్తిగా దిగిన దిమ్మెను చూడవలెను. ఒక అదుమునకు ఎన్ని ఇటుకలో దానిచేత హెచ్చించి, విరిగినవానిని తీసివేయవలెను.

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల స్మృతి కాలమును బట్టియే గాక, చేసిన పనిని బట్టియు కనీస వేతనములు నిర్ణయించుటకు వీలు కల్పించినది. కాని చేసిన పని ఎంతయను మాటపై ఇరుపక్షములకు నమ్మకము లేనిచో ఏ రేటును నిలువదు. కావున మీ గ్రామములో ఎవరైన మగ్గములకు కౌంటర్లు పెట్టదలచినచో, మొదటి దినముననే యజమానిని, కార్మికులను ఒకచోట కూర్చుండబెట్టుడు. మోటారు ఆపి, చేతితో పది మారులు నాడెను నడిపించి, కౌంటరు పది చూపినదో లేదో అందరి యెదుట చూడుడు. అంకెలను సున్నకు త్రిప్పు తాళపుచెవి ఎవరివద్ద నుండవలెనో నిర్ణయింపుడు. అంకెను సున్న చేయకుండ వరుసగా పెరుగనిచ్చి, వంతు మారినప్పుడు దిగువాడును, ఎక్కువాడును ఇద్దరును చూచి పుస్తకములో వ్రాసి సంతకములు చేయుట మరింత మేలు. సంతకము రానివారి యెదుట అంకెను పైకి చదువవలెను. నెలకొకసారి ఒక తాను గుడ్డను విప్పి, మీటరు కర్రతో కొలిచి, పుస్తకపు లెక్కతో సరిచూడుడు. పట్టీ వదులైనను, బోల్టు కదలినను ఆ దినమున బయటపడును.