కుండలో ఏముంది?

గిల్గాలులో కరువు. ఎలీషా ఎదుట ప్రవక్తల శిష్యులు కూర్చుని ఉన్నారు. పెద్ద కుండ పొయ్యి మీద పెట్టి వీళ్లకు కూర వండమని దైవజనుడు తన సేవకునితో చెప్పాడు. ఒకడు కూరాకు కోసుకురావడానికి పొలంలోకి వెళ్లాడు. అక్కడ ఏదో అడవి తీగ కనిపించింది. దాని గుణం అతనికి తెలియదు. ఒడినిండా కాయలు కోసుకొచ్చి, తరిగి కుండలో వేశాడు. తింటున్నవాళ్లు కుండలో విషముందని కేకలు వేశారు (2 రాజులు 4:38-41).

ఈ భాగం మీద ప్రసంగించేవాళ్లు ఎలీషా పిండి తెప్పించి కుండలో వేసిన అద్భుతం దగ్గరికి త్వరగా వెళ్లిపోతారు. మనం కొంచెం ముందే ఆగుదాం. ఆ కాయలు కోసుకొచ్చినవాడు దుర్మార్గుడు కాడు, సోమరి అంతకన్నా కాడు. ఆకలితో ఉన్న సహోదరుల కోసమే ఎండలో పొలానికి వెళ్లాడు. ప్రేమ ఉంది, కష్టపడే మనసుంది. లేనిదల్లా ఏది తినదగిందో, ఏది కాదో అన్న తెలివిడి.

మన కుండలో విషం లేదు. అన్నముంది, మెరిసే తెల్లన్నం. పక్కన కాస్త చారు, పచ్చిపులుసు, ఊరగాయ. కడుపు నిండుతుంది. అయినా 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ లెక్కలు చూడండి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి అదే. వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు 33.1 శాతం. ఆంధ్రప్రదేశ్ పరిస్థితీ దీనికి పెద్ద దూరంలో లేదు. ఆదివారం ఆరాధనలో స్త్రీలు కూర్చున్న వరుసల్ని ఈ లెక్కతో ఒకసారి చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఈ సంగతి చెప్పగలవాళ్ల కోసం మనం దూరదేశం వెళ్లనక్కర్లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌కు నాలుగడుగుల దూరంలో, తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనగా రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పని అది. బెరిబెరి అంటే తవుడంతా పోయేలా మెరుగుపెట్టిన బియ్యం మీదే బతికేవాళ్లకు వచ్చే జబ్బు. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు తరలివచ్చింది. బలహీనంగా ఉన్న పిల్లల కోసం అక్కడివాళ్లు తయారుచేసిన పొడికి మన ఊరి పేరే పెట్టారు, ‘హైదరాబాద్ మిక్స్’ అని. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16, వేయించిన పల్లీలు 10, బెల్లం 20. అన్నీ కలిపి పొడి చేస్తే 86 గ్రాములు. అందులో సుమారు 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. కిరాణా కొట్లో దొరకనిది ఇందులో ఒక్కటీ లేదు. రంగు డబ్బాల్లో వచ్చే పొడుల కోసం కూలి డబ్బులు పోసే తల్లికి ఈ నాలుగు వస్తువుల సంగతి ఎవరైనా చెప్పారా?

అక్కడి పరిశోధనల్లోనే ఇంకొకటుంది. అన్నం మానేసి జొన్నరొట్టె తింటే చాలు, అన్నీ సరిపోతాయి అనేవాళ్లు ఇది వినాలి. వెనకటి రోజుల్లో దక్కన్‌లో జొన్నలు తప్ప మరేమీ దొరకని పేదలకు పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలే చోట, చేతుల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి, మతి కూడా చెదిరేది. జొన్నలో లూసిన్ ఎక్కువగా ఉండడమే కారణమని 1960లో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియ ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత శాస్త్రజ్ఞుల్లో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. కానీ ఒకే ధాన్యం మీద బతికిన ఒంటికి ఏమవుతుందో మాత్రం ఆ రోగులు చూపించారు. అది బియ్యమైనా అంతే, జొన్నయినా అంతే. పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డో పాలో ఉండాలి.

మరి ఇవన్నీ కూలి చేసుకునే ఇంటికి ఎక్కడినుంచి వస్తాయి? సికింద్రాబాద్ నుంచి ముంబై దారిలో 100 కిలోమీటర్లకు పైగా పోతే జహీరాబాద్. ఆ పక్కనే పస్తాపూర్. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడు ఇక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. రెండు రూపాయల బియ్యం ఎంతోమంది పేదల ఆకలి తీర్చింది, దాన్ని తీసిపారేయలేం. కానీ బియ్యం ఊళ్లోకి వచ్చేకొద్దీ జొన్న చెలకలు బీడుపడ్డాయి. జొన్నతోపాటే కంది, కొర్ర, సామ, అనుము, బొబ్బర, పుంటికూర కూడా కంచంలోంచి జారిపోయాయి. ఎందుకంటే ఆ ఎర్రనేలల్లో అవన్నీ ఒకే చెలకలో కలిపి వేసే పంటలు. వాన తప్పి ఒకటి ఎండిపోయినా ఇంకొకటి చేతికొచ్చేది. ధాన్యం, పప్పు, కూర ఒకేచోట పండేవి.

సంఘాలుగా చేరిన దళిత స్త్రీలు 1990ల్లో ఆ బీళ్లనే మళ్లీ దున్నించారు. దుక్కికీ ఎరువుకూ రైతుకు అప్పుగా డబ్బిచ్చారు, బాకీ జొన్నల రూపంలో తీర్చుకున్నారు. వెదురు గుమ్ముల్లో వేపాకు వేసి ఆ జొన్నలు దాచారు. ఊళ్లో ఎవరు మరీ బీదవాళ్లో ఆ స్త్రీలే కూర్చుని తేల్చుకున్నారు. ఎండాకాలం పని దొరకని రోజుల్లో వాళ్లకు తక్కువ ధరకు అమ్మారు. అక్షరం రాని ఆడవాళ్లు నడిపిన రేషన్ దుకాణం అది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెదుక్కుంటూ వచ్చింది.

గిల్గాలు కుండ నాకు మళ్లీ గుర్తొచ్చేది వీళ్ల కలుపు కూరల దగ్గరే. మందు కొట్టని చెలకలో దున్నకుండా, విత్తకుండా మొలిచే తుమ్మికూర, జొన్నచెంచలి, గంగవాయిలి, చెన్నంగి, పొన్నగంటి. వ్యవసాయ పుస్తకం వీటిని కలుపు అంటుంది. ఈ తల్లులు కూర అంటారు. ఏది ఏ నెలలో లేతగా ఉంటుందో, దేన్ని బాలింతకు పెట్టాలో, దేని జోలికి పోకూడదో వీళ్లకు తెలుసు. ఎలీషా శిష్యుడికి లేని చదువు ఇదే. కలుపుమందు చల్లితే ఆ కూరా పోతుంది, ఆ చదువూ పోతుంది.

ఈ తిండి అంటే మనలో చాలామందికి సిగ్గు. చుట్టం వస్తే జొన్నరొట్టె పెట్టం, అన్నమే వండుతాం. మన తెలుగు బైబిలులోనే సజ్జలు, చోళ్లు ఉన్నాయి (యెహెజ్కేలు 4:9). అయితే అక్కడి రొట్టెను ఆరోగ్యానికి వంటకంగా బోధించడం మాత్రం సరికాదు. అది ముట్టడిలో చిక్కిన పట్టణంలో తూచి తినే రొట్టె.

మన సంఘాలకు అన్నం పెట్టడం కొత్త కాదు. 1895లో సికింద్రాబాద్ వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ తిరుమలగిరి సైనికుల మధ్య సేవ మొదలుపెట్టి మెదక్ చేరాడు. కరువు రోజుల్లో పని కల్పించి, కూలిగా తిండి పెట్టి 1914 నుంచి పదేళ్లపాటు మెదక్ దేవాలయం కట్టించాడు. ఈనాటికీ క్రిస్మస్‌కు బియ్యం సంచులు పంచే సంఘాలున్నాయి. ఆ సంచితోపాటు రెండు కిలోల కందిపప్పు, ఒక మునగ కొమ్మ ఇస్తే? చర్చి ఆవరణలో బోరింగు దగ్గర వృథాగా పారే నీళ్లకు నాలుగు మళ్లు తోటకూర, పాలకూర వేస్తే? స్త్రీల మైత్రి కూడికలో అరగంట తీసుకుని, భోజనం కాగానే టీ తాగితే కూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని, నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుందని చెబితే? దీనికి డాక్టరు రానక్కర్లేదు.

ఇంట్లో వడ్డన సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. కొరింథు సంఘంలో కొందరు ముందుగా తినేసేవారు, మిగిలినవాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. అందుకే ఒకరి కోసం ఒకరు ఆగమని పౌలు రాశాడు (1 కొరింథీ 11:21, 33). ప్రభువు బల్ల దగ్గర ఆ మాట పాటిస్తాం. ఇంటికెళ్లాక భర్త, కొడుకులు తిన్న తర్వాత కుండ అడుగున మిగిలింది తినేది ఎవరు? పప్పులో పప్పు అయిపోయి నీళ్లు మిగిలేది ఎవరికి? సర్వేలోని ఆ 57.6 శాతంలో కొంత భాగం మన వంటింట్లోనే తయారవుతోంది.

గిల్గాలు కథ అయిపోగానే తర్వాతి వచనంలో బయల్షాలిషా నుంచి ఒక మనిషి వస్తాడు. తన ప్రథమఫలాలు, ఇరవై యవల రొట్టెలు, కొత్త ధాన్యపు వెన్నులు తెస్తాడు. యవలు ఆ దేశంలో పేదల ధాన్యం. వాటిని ఎలీషా దాచుకోలేదు, వేలం వేయలేదు. ఆకలిగా ఉన్న వందమందికి వడ్డించమన్నాడు. వాళ్లు తినగా ఇంకా మిగిలింది.

మన కోత పండుగలో బల్ల మీద బియ్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు ఉంటాయి. ఆరాధన కాగానే వేలంపాట. ఈ ఏడు ఎవరైనా ఒక కొర్రల మూట, ఒక బుట్టెడు జొన్నచెంచలి తెచ్చి పెడితే బాగుండును. పాట పాడటానికి ఎవరూ ముందుకు రాకపోతే, అవి అక్కడి నుంచే ఒక బాలింత ఇంటికి వెళ్లొచ్చు.