మీకు తెలుసా? డాబా గదికి నెట్ ఎందుకు ఎక్కదు

 హైదరాబాద్ హైటెక్ సిటీ చుట్టుపక్కల మాదాపూర్, కొండాపూర్‌లలో చాలా ఇళ్లలో రూటర్ కింద హాల్లో ఉంటుంది, పని చేసుకునే గది డాబా మీద ఉంటుంది. మీటింగ్ మధ్యలో బొమ్మ ఆగిపోతే తిట్లన్నీ నెట్ కంపెనీకే. అసలు దోషి చాలాసార్లు స్లాబు! కాంక్రీటు, అందులోని ఇనుప చువ్వలు కలిసి 5 గిగాహెర్ట్జ్ వైఫైని నీరసింపజేస్తాయి. 2.4 కొంత నయం. దారిలో నిండు నీళ్ల ట్యాంకు ఉంటే అదీ సిగ్నల్‌ని మింగేస్తుంది.

చాలామంది వెంటనే రిపీటర్ కొంటారు. ఒకే రేడియోతో విని, మళ్లీ పంపే రకమైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. నన్నడిగితే క్యాట్6 కేబుల్ లాగించడమే మేలు. అది 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. లోపల అచ్చం రాగి ఉందో, రాగి పూత పూసిన అల్యూమినియం ఉందో అడిగి తీసుకోండి. ఎండకు తట్టుకునే తొడుగూ చూడండి.

పెరట్లో విడిగా ఉన్న ఔట్‌హౌస్‌కైతే ఫైబర్. గాజుపోగులో కరెంటు పారదు కాబట్టి పిడుగుల భయం తక్కువ. అయితే కొన్ని కేబుళ్లలో ఊతంగా ఉక్కు తీగ ఉంటుంది, అందులో పారుతుంది. అది లేని రకం కావాలని చెప్పాలి.

తవ్వే వీల్లేకపోతే ఎదురెదురు యాంటెన్నాలు పెట్టుకోవచ్చు. 2018లో కేంద్రం ఇందుకు పనికొచ్చే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను, నిర్ణీత పవర్ పరిమితుల్లో, లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది.