పేగుల వాపుకు ఏ పథ్యం?

క్రోన్స్ అనో, అల్సరేటివ్ కోలైటిస్ అనో డాక్టరు తేల్చిన మర్నాటి నుంచే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. ముందు కారం పోతుంది. తర్వాత వంకాయ, గోంగూర. ఆపైన పప్పు, పాలు, గుడ్డు. చివరికి చారన్నం, బ్రెడ్డు మిగులుతాయి. పెట్టేవాళ్లది ప్రేమే. కానీ అసలే రక్తం, బరువు తగ్గిపోయే జబ్బులో మనిషి ఇంకా చిక్కిపోతాడు.

ఈ జబ్బుల్లో ఒంటి రక్షణ వ్యవస్థ అదుపు తప్పి పేగు గోడనే గాయపరుస్తుంది. కోలైటిస్ పెద్దపేగుకే పరిమితం. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువ. ఇక్కడ బాధ వేరు, వాపు వేరు. మిరపకాయ బజ్జీ తిన్నాక కడుపు మండి, రెండుసార్లు ఎక్కువ వెళ్లాల్సి రావచ్చు. అంతమాత్రాన లోపలి పుండు పెరిగినట్టు కాదు. కడుపు హాయిగా ఉన్నంత మాత్రాన పుండు మానినట్టూ కాదు. ఆ సంగతి చెప్పాల్సింది మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, కొలనోస్కోపీ. తిండి గురించిన సలహాల్లో చాలావరకు బాధను తగ్గించేవే. వాపునే తగ్గిస్తాయని రుజువైనవి కొద్ది.

ఆ కొద్దిలో అన్నిటికంటే గట్టి రుజువున్నది ఒకటుంది. క్రోన్స్ ఉన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి పూర్తిగా ఆపి, అన్ని పోషకాలూ ఉన్న ద్రవాహారం మాత్రమే ఇస్తారు. దాంతో ఎక్కువమందిలో స్టెరాయిడ్లు వాడినట్టే వాపు తగ్గుతుంది. పైగా స్టెరాయిడ్లలా ఎదుగుదలను కుంటుపరచదు. అయితే ఇన్ని వారాలు ఒకే రుచి తాగడం పిల్లలకు ఎంత కష్టమో తల్లిదండ్రులకే తెలుసు. అందుకే ఇజ్రాయెల్ వైద్యుడు ఆరీ లెవిన్ బృందం మరో దారి వెతికింది. కొంత ద్రవాహారం, దానితోపాటు అన్నం, ఉడికించిన బంగాళదుంప, అరటిపండు, గుడ్డు, కోడిమాంసం. గోధుమ, పాల పదార్థాలు, ప్యాకెట్ తిండి ఉండవు. 2019లో వెలువడిన పరీక్షలో పిల్లలు దీన్ని మరింత తేలిగ్గా పాటించగలిగారు, ఫలితమూ బాగుంది. ఇవన్నీ క్రోన్స్‌ మాటలు. కోలైటిస్‌కు ద్రవాహారం ఇలా పనిచేయదు.

ప్యాకెట్ తిండి ఎందుకు మానమన్నారు? భారత్ సహా 21 దేశాల్లో లక్షా పదహారు వేలమంది పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. చిప్స్, కూల్‌డ్రింకులు, ప్రాసెస్ చేసిన మాంసం లాంటివి రోజుకు ఐదుసార్లో అంతకు మించో తినేవారికి, ఒకసారి కంటే తక్కువ తినేవారితో పోలిస్తే ఈ జబ్బు ముప్పు సుమారు 1.8 రెట్లు కనిపించింది. మామూలు మాంసం, పాలు, పళ్లు, కూరగాయలతో అలాంటి లంకె కనిపించలేదు. తిండే కారణమని దీనితో తేలిపోలేదు. అయినా ఇంట్లో వండిన పప్పును దోషిగా చూసి బిస్కెట్లతో కడుపు నింపడం తలకిందుల పథ్యమని నా నమ్మకం.

పీచు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. క్రోన్స్‌తో పేగు ఇరుకైనవారికి మునక్కాడ, మొక్కజొన్న, జామ గింజలు అడ్డుపడవచ్చు. వాళ్లు కూరలు తొక్కు తీసి, మెత్తగా ఉడికించి తినాలి. ఇరుకు లేనివారు, జబ్బు అదుపులో ఉన్నప్పుడు, పీచు మానాల్సిన పనిలేదు. పాలు పడకపోయినా పెరుగు చాలామందికి పడుతుంది. పసుపులోని కర్క్యుమిన్‌ను రోజుకు మూడు గ్రాములు, మందులతో కలిపి ఇచ్చినప్పుడు తేలికపాటి కోలైటిస్‌లో మేలు కనిపించింది. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఆ మోతాదు రాదు, దాన్ని నమ్ముకుని కోలైటిస్‌కు వాడే మెసాలమిన్ మందు ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.

ఏదైనా మానాలనుకుంటే ఒక్కొక్కటే మాని, రెండు మూడు వారాలు చూసి, తేడా లేకపోతే మళ్లీ మొదలుపెట్టండి. బరువు రాసుకోండి. ఐరన్, విటమిన్ డి పరీక్షల గురించి డాక్టరును అడగండి. చిన్నపేగు చివరి భాగం ఆపరేషన్లో తీసేసినవారికి ఎంత బాగా తిన్నా బి12 ఒంటికి పట్టకపోవచ్చు, వాళ్లకు ఇంజెక్షన్ అవసరం కావచ్చు.