మీకు తెలుసా? కట్టుడు పళ్ల అసలు బలం పళ్లలో లేదు

గుప్పెడు వేరుశనగ పలుకులిచ్చి నమలమంటారు. మింగకముందే ఉమ్మించి, కడిగి, జల్లెడలో పోస్తారు. ఎంత కిందికి దిగిందో చూస్తే ఎంత బాగా నమిలారో తెలిసిపోతుంది. 1964లో కపూర్, సోమన్ అనే దంతవైద్య పరిశోధకులు వేరుశనగలూ క్యారెట్లూ నమిలించి ఇలాగే కొలిచారు. పూర్తి పళ్ల సెట్టు పెట్టుకున్నవారి నమిలే సామర్థ్యం సొంత పళ్లున్నవారిలో ఆరో వంతుకు కూడా రాలేదు!

పళ్లు మొద్దుబారాయనుకుంటాం గానీ, కిటుకంతా పళ్ల కింద ఉంది. సొంత పన్ను వేరు ఎముకలో ఉంటుంది. సెట్టేమో తడి చిగుళ్ల మీద ఊరికే కూర్చుంటుంది. పై సెట్టు నయం: అంగిలంతా దానికి ఆసరా, పలచటి లాలాజలం పొర దాన్ని పట్టి ఉంచుతుంది. మధ్యలో నాలుక ఉండటంతో కింది సెట్టుకు దొరికే చోటు పైదానిలో ఇంచుమించు సగమే. పళ్ల డాక్టరు దగ్గర వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దాని మీదే!

అందుకే తయారీలో చిన్న తేడా కూడా నమలడంలో తెలుస్తుంది. అంచులు మరీ పొట్టిగా ఉంటే బరువంతా కొద్ది చోటే పడి చిగురు నొస్తుంది. మరీ పొడుగైతే బుగ్గ కండరాలు కదిలినప్పుడల్లా సెట్టు లేస్తుంది. పళ్లను లోపలికి జరిపి అమరిస్తే నాలుక ఇరుకై తోసేస్తుంది. ఇక పంటి మొనలు ఎత్తుగా ఉంటే ఆహారం బాగా తెగుతుంది గానీ, చిగురుగట్టు అరిగిపోయినవారిలో అవే మొనలు సెట్టును పక్కకు నెడతాయి. మొనల్లేని చదును పళ్లు నెట్టవు, కానీ పీచు కూరలు వాటికి ఒక పట్టాన తెగవు. రెంటికీ మధ్యేమార్గం ఒకటుంది: పై దవడ పళ్ల లోపలి మొన, లోతు తక్కువున్న కింది పన్ను గుంటలో రోట్లో రోకలిలా పడేట్టు అమర్చడం. నా ఓటు దీనికే.

ఎంత బాగా చేయించినా జామకాయను ముందు పళ్లతో కొరికితే పై సెట్టు వెనకవైపు ఊడి వస్తుంది. ముక్కలు కోసుకుని, రెండు వైపులా సమంగా నమలాలి.

కింది సెట్టు బొత్తిగా నిలవనివారికి దవడ ఎముకలో రెండు ఇంప్లాంట్లు బిగించి, వాటికి సెట్టును తగిలించే పద్ధతి ఉంది. కింది దవడలో పళ్లేవీ లేనివారికి మొదటి ఎంపిక ఇదే కావాలని 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తేల్చారు.