హైకోర్టు మొట్టికాయలు: అపోహలు – వాస్తవాలు

‘కింది కోర్టు జడ్జికి హైకోర్టు అక్షింతలు’ అన్న శీర్షిక కనిపించగానే ఆ జడ్జి ఉద్యోగానికి ముప్పు వచ్చిందనే అనుకుంటాం. ఢిల్లీ సంగతే చూడండి. నిర్భయ కేసులో 2013లో ఉరిశిక్షలు విధించిన సాకేత్ కోర్టు సముదాయంలోనే ఢిల్లీ దక్షిణ, ఆగ్నేయ జిల్లాల కేసులు నడుస్తాయి. అక్కడి ఉత్తర్వులపై అప్పీళ్లు, రివిజన్లు నిత్యం హైకోర్టుకు వెళ్తుంటాయి. కొన్ని ఉత్తర్వులు నిలుస్తాయి, కొన్ని వీగిపోతాయి. అంతమాత్రాన జడ్జిపై ఒక నిర్ధారణకు రావచ్చా?

అపోహ: పై కోర్టు ఉత్తర్వు కొట్టేసిందంటే జడ్జిని తప్పుపట్టినట్టే.
వాస్తవం: 2019లో ఢిల్లీలోని జామియా విశ్వవిద్యాలయం వద్ద జరిగిన అల్లర్ల కేసులో 11 మందిని సాకేత్ సెషన్స్ కోర్టు 2023 ఫిబ్రవరి 4న డిశ్చార్జి చేసింది. మార్చి 28న హైకోర్టు అందులో చాలా భాగాన్ని పక్కనపెట్టి, ఎక్కువమందిపై అభియోగాలు మోపాలంది. ఒకే రికార్డును చదివి ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా తేల్చడం న్యాయవ్యవస్థలో మామూలే. అప్పీలు ఉన్నదే అందుకు.

అపోహ: పై కోర్టు కింది జడ్జిని ఎంత మాటైనా అనొచ్చు.
వాస్తవం: ఢిల్లీలో ఒక అదనపు సెషన్స్ జడ్జి బెయిలు విచారణలో పోలీసుల దర్యాప్తు తీరును ఎండగట్టారు. ఇకపై జాగ్రత్తగా ఉండాలంటూ హైకోర్టు 2023 మార్చిలో ఆయన్ను మందలించింది. ఆయన సుప్రీంకోర్టు తలుపు తట్టారు. జస్టిస్ అభయ్ ఓకా నేతృత్వంలోని ధర్మాసనం 2024 నవంబరు 22న ఆ వ్యాఖ్యలను రికార్డు నుంచి తొలగించింది. ఉత్తర్వులోని తప్పును ఎత్తిచూపడం వేరు, జడ్జిని వ్యక్తిగతంగా నిందించడం వేరని స్పష్టం చేసింది. తీర్పులో పడిన నిందకు ఆ జడ్జి సంజాయిషీ చెప్పుకునే వీలు ఉండదు. మచ్చ మాత్రం ఉద్యోగ జీవితమంతా వెంటాడుతుంది.

అపోహ: అలాగైతే జడ్జీలను అడిగేవారే లేరు.
వాస్తవం: రాజ్యాంగంలోని 235వ అధికరణం కింద జిల్లా, కింది స్థాయి కోర్టులపై నియంత్రణ హైకోర్టుదే. విచారణ జరిపి క్రమశిక్షణ చర్యలు తీసుకునే అధికారమూ దానిదే. ఢిల్లీ మేజిస్ట్రేట్ ఒకరిపై హైకోర్టు చేసిన వ్యాఖ్యలను తొలగిస్తూ 2001లోనే సుప్రీంకోర్టు దారి చూపింది: జడ్జి నడవడికపై అనుమానం వస్తే తీర్పులో రాయకుండా, విడిగా నోట్ తయారుచేసి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ముందుంచాలి. మేజిస్ట్రేట్ పరువు పోకూడదని ఆ కేసుకు ‘కె’ అన్న అక్షరం తప్ప పేరే పెట్టలేదు.

అపోహ: తప్పుడు ఉత్తర్వు ఇస్తే శిక్ష ఖాయం.
వాస్తవం: బీహార్‌కు చెందిన కృష్ణప్రసాద్ వర్మ కేసులో 2019లో సుప్రీంకోర్టు గీత గీసింది. ఉత్తర్వు తప్పన్న ఒక్క కారణంతో చర్య తీసుకోకూడదు. లంచం, పక్షపాతం వంటి దురుద్దేశానికి ఆధారం కావాలి. అయితే కేవలం పొరపాటే అయినా వదిలేయరు. ఢిల్లీలోని కడ్కడ్‌డూమా కోర్టు ఇచ్చిన బెయిలును సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ అమానుల్లా, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి 2025 సెప్టెంబరులో రద్దు చేశారు. బెయిలిచ్చిన, దాన్ని సమర్థించిన జడ్జీలిద్దరూ కనీసం 7 రోజులు ఢిల్లీ జ్యుడీషియల్ అకాడమీలో శిక్షణ పొందాలన్నారు.

అపోహ: జడ్జిపై ఫిర్యాదు చేస్తే తీర్పు మారుతుంది.
వాస్తవం: మారదు. తీర్పు నచ్చకపోతే అప్పీలుకో రివిజన్‌కో గడువులోగా వెళ్లాలి. లంచం, పక్షపాతం, దుష్ప్రవర్తన వంటివైతే ఆధారాలతో హైకోర్టు పాలనా విభాగానికి రాయాలి. కేసు ఓడిన కోపంతో రాసే అర్జీ మీ కేసును గెలిపించదు, నిజాయితీపరుడైన జడ్జిని మాత్రం బెదరగొడుతుంది. బెదిరిన జడ్జి బెయిలివ్వాల్సిన చోట కూడా వెనకాడితే నష్టపోయేది మనమే.