మునుగనున్న ఓడను రేవు చేర్చుట

యుద్ధచరిత్రలు చదువునపుడు మనము సాధారణముగా మునిగిన ఓడల లెక్కయే చూతుము. మునుగకుండ కాపాడబడిన ఓడల లెక్కను తలచువారు తక్కువ. ఓడను ముంచుటకు ఒక్క నిమిషము చాలును. దెబ్బతిన్న దానిని రేవు చేర్చుటకు దినములు పట్టును. పెక్కుమంది చేతులు, శాస్త్రజ్ఞానము, అన్నిటికంటె మిన్నగా ఓర్పు కావలెను. అట్టి యొక ఓడ వృత్తాంతమును, దానిని లాగిన పని వెనుకనున్న సూత్రములను ఈ సంచికలో తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

దీనికి మరియొక కారణము కూడ కలదు. "తెలుగులో పద్యములు, కథలు చెప్పవచ్చును గాని, యంత్రములను గూర్చి, భౌతికశాస్త్రమును గూర్చి తెలుగులో చెప్పుట సాధ్యమా?" అని తల్లిదండ్రులలో కొందరు మమ్ము అడుగుచుందురు. వాదముతో గాక ఉదాహరణముతో సమాధానము చెప్పుట మేలని తలచితిమి. ఈ వ్యాసమును ఇంట పిల్లలకు చదివి వినిపింపుడు. వారికి బోధపడినచో ప్రశ్నకు సమాధానము దొరికినట్లే.

టగ్గు అనగా నేమి?

చెన్నై రేవును చూచినవారందరును టగ్గు పడవను చూచియే యుందురు. కొండవంటి ఓడ ముందు అది ఆటవస్తువు వలె కనబడును. అయినను పెద్ద ఓడ రేవులోనికి వచ్చునపుడు దానిని త్రిప్పునది, గట్టుకు చేర్చునది ఈ చిన్నపడవయే. ఇంత చిన్నది అంత పెద్దదాని నెట్లు లాగును?

మొదటి సంగతి: నీటిపై తేలు వస్తువు బరువును నీరే మోయుచుండును. టగ్గు ఆ బరువును ఎత్తవలసిన పనిలేదు. నీటి యడ్డును మాత్రము జయించిన చాలును. మెల్లగా కదలు ఓడకు నీటి యడ్డు స్వల్పము. అందుచేత కొద్దిబలము చాలసేపు ప్రయోగించినచో ఎంత పెద్ద ఓడయైనను కదలును. అయితే కదలిన దానిని ఆపుటయు అంతే కష్టము. కావుననే టగ్గు నడుపువానికి తొందర పనికిరాదు.

రెండవ సంగతి: టగ్గు పొట్టిగా నున్నను దాని యంత్రము, నీటిని త్రోయు మరచక్రము మిక్కిలి బలమైనవి. సరకు మోయు చోటంతయు దానిలో యంత్రమునకే ఇయ్యబడును. లాగుడు మోకును వెనుక కొనకు గాక నడుమకు దగ్గరగా కట్టుదురు. అట్లు కట్టుటచేత టగ్గు తన వెనుకభాగమును ఇటునటు త్రిప్పుకొనగలదు. అందులో నొక అపాయమును కలదు. మోకు ప్రక్కకు లాగబడినచో టగ్గే తలక్రిందులు కావచ్చును. అందుచేత మోకును క్షణములో విడిచిపెట్టగల కొక్కెము టగ్గునకు ప్రాణమువంటిది.

మూడవ సంగతి: నడిసముద్రములో మోకు మిక్కిలి పొడవుగా నుండవలెను. పొడవైన ఉక్కుమోకు తన బరువుచేత నీటిలో వంగి వ్రేలాడును. అల వచ్చి ఓడను వెనుకకు గుంజినపుడు ఆ వంపు సాగి, ఆ అదటును తాను భరించును. మోకు బిగువుగా, పొట్టిగా నున్నచో అదే అదటునకు తెగిపోవును.

నేలకు తగులుకొనిన ఓడ సంగతి వేరు. అచ్చట బరువును నీరు పూర్తిగా మోయదు. కొంత నేల మోయును. కావున లాగుటకు ముందు సరకు దించి ఓడను తేలిక చేయుదురు. చొచ్చిన నీటిని పంపులతో తోడుదురు. దూరమున లంగరులు వేసి మోకులతో బిగింతురు. సముద్రపు పోటు వచ్చువరకు వేచియుందురు. పోటు నీరు కొంత బరువును తనపైకి తీసికొనిన సమయమున అందరు నొక్కటిగా లాగుదురు. ఈ పనిలో ఎక్కువకాలము గడచునది లాగుటలో కాదు, లాగుటకు సిద్ధపడుటలో.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు నౌకాదళము దెబ్బతిన్న ఓడలను తెచ్చుటకై ప్రత్యేకముగా రక్షక టగ్గుల శాఖ నొకదానిని నడపెను. దాని ప్రధానస్థానము స్కాట్లండులోని క్యాంబెల్టౌను. చేపలు పట్టువారు, వర్తకపు ఓడలలో పనిచేసినవారు పెక్కురు అందులో చేరిరి. అయితే కొన్ని సమయములలో తగిన టగ్గు దగ్గర లేకపోవచ్చును. అప్పుడు అందుబాటులో నున్న ఓడలే ఆ పని చేయవలసివచ్చును. 1942వ సంవత్సరము ఆగస్టులో ఒహైయో అను ట్యాంకరు విషయమున జరిగినది అదియే.

మాల్టా దీవి ఆకలి

మధ్యధరా సముద్రములో సిసిలీకి దక్షిణమున సుమారు 60 మైళ్ల దూరమున మాల్టా దీవి కలదు. అది ఆనాడు బ్రిటిషువారి అధీనమున నుండెను. ఇటలీ నుండి ఉత్తర ఆఫ్రికాకు పోవు శత్రువుల ఓడలను అచ్చటినుండియే విమానములు, జలాంతర్గాములు కొట్టుచుండెను. కావున జర్మను, ఇటాలియను విమానములు ఆ దీవిపై పగలు రాత్రి యనక బాంబులు కురిపించెను. 1942 ఏప్రిలు 15వ తేదీన ఆ దీవి ప్రజలందరి ధైర్యమునకు గుర్తుగా జార్జి క్రాసు అను పతకము దీవికే ఈయబడెను. కాని పతకము కడుపు నింపదు. రొట్టె, నూనె, చక్కెర అన్నియు కొలతప్రకారమే దొరకుచుండెను. వంటచేసికొనుటకు కిరోసిను లేదు. పంపులకు, విమానములకు, ఓడలకు ఇంధనము లేదు. ఆ జూనులో బయలుదేరిన ఓడలలో రెండే దీవిని చేరెను; కెంటకీ అను ట్యాంకరు దారిలోనే పోయెను. మరి కొన్ని వారములలో సామగ్రి రానిచో దీవి లొంగిపోవలసినదే యని అధికారులు లెక్కవేసిరి.

ఆగస్టులో పదునాలుగు వర్తకపు ఓడలు గొప్ప యుద్ధనౌకల కాపుదలతో జిబ్రాల్టరు జలసంధి దాటి వచ్చెను. వానిలో ట్యాంకరు ఒక్కటే. అదే ఒహైయో. అమెరికాలో కట్టబడి 1940లో నీటిలోనికి దిగిన ఓడ. పొడవు 515 అడుగులు. ఈ ప్రయాణమునకై బ్రిటిషు నావికులను ఎక్కించిరి. కెప్టెను డడ్లీ మేసను. దాని తొట్లలో సుమారు 11,500 టన్నుల కిరోసిను, ఇంధనతైలములు ఉండెను. తక్కిన పదుమూడు ఓడలు చేరినను ఇది చేరకున్న దీవి యంత్రములు ఆగిపోవును. ఈ సంగతి ఇరుపక్షములవారికిని తెలియును.

మూడు దినముల పాట్లు

ఆగస్టు 12వ తేదీ సాయంకాలము ఆక్సుమ్ అను ఇటాలియను జలాంతర్గామి విడిచిన టార్పెడోలు మూడు ఓడలకు తగిలెను. వానిలో నొకటి ఒహైయో. ఓడ నడుమనున్న పంపుల గదికి 24 అడుగుల ఎత్తున, 27 అడుగుల వెడల్పున గండిపడెను. కిరోసిను అంటుకొనెను. నావికులు మంటల నార్పిరి. దిక్సూచి చెడిపోయెను, చుక్కానిని వెనుకభాగమున చేతితో త్రిప్పవలసివచ్చెను. అయినను ఓడ సాగెను.

మరునాడు విమానముల దాడి. కూలిన శత్రువిమానము లోడపైననే వచ్చిపడెను. ప్రక్కలనే ప్రేలిన బాంబుల అదటునకు బాయిలరులు ఆరిపోయి, యంత్రములు నిలిచిపోయెను. ఓడ నడిసముద్రమున కదలక నిలిచెను. పెన్ను అను డిస్ట్రాయరు మోకు వేసి లాగనారంభించెను. అయితే గండి చుట్టు చీలి వెలుపలికి వచ్చిన ఇనుపరేకులు నీటిని పట్టుకొని, ఓడను ఎప్పుడు నొక ప్రక్కకే త్రిప్పుచుండెను. ముందు లాగిన కొలది ఓడ అడ్డము తిరిగెను. మోకులు తెగెను. పైన విమానములు. ప్రాణరక్షణకై నావికులు రెండుమారులు ఓడను విడువవలసివచ్చెను. రెండుమారులును మరల ఎక్కిరి. మునిగిపోయిన మరియొక ఓడ నుండి రక్షింపబడిన నావికులు కొందరు తమంతట తామే ఒహైయో నెక్కి ఫిరంగుల దగ్గర నిలిచిరి.

ఇంత జరిగినను ఓడ ఏల మునుగలేదు? అడ్డుగోడలచేత ట్యాంకరు లోపలిభాగము పెక్కు తొట్లుగా విభజింపబడి యుండును. ఒక తొట్టి పగిలినను ప్రక్కదానిలోనికి నీరు పోదు. పైగా కిరోసిను సముద్రజలము కంటె తేలికయైనది. ఆ సరకు నిండిన తొట్టిలో నీటికి చోటు లేదు. అనగా ఏ సరకు నిప్పంటుకొని ఓడను కాల్చివేయునని భయపడుదుమో ఆ సరకే దానిని తేల్చుచుండెను. ఓడ రేకులు మేకులతో గాక వెల్డింగుతో అతుకబడి యుండుటయు దాని గట్టితనమునకు కారణమని చెప్పుదురు. అయినను దెబ్బలకు నడుమ చీలి, ఓడ క్రమముగా నీటిలోనికి దిగుచుండెను.

తరువాత లెడ్బరీ, బ్రామ్‌హం అను డిస్ట్రాయర్లు, మాల్టానుండి వచ్చిన రై అను చిన్న ఓడ తోడైనవి. ముందునుండి లాగువారు లాగుచుండగా, అడ్డము తిరుగకుండ వెనుకనుండి మరియొక ఓడ పట్టియుంచుట ఒక యుపాయము. కొంతదూరము అట్లు సాగిరి. మరల బాంబులు పడెను. మరల మోకు తెగెను. పడవవారు అమరమని పిలుచు వెనుకభాగము ఇంకను క్రుంగెను.

తుదకు దొరికిన మార్గము మిక్కిలి సులభమైనది. ముందునుండి లాగుట మానిరి. పెన్ను ఒక ప్రక్కను, బ్రామ్‌హం రెండవ ప్రక్కను ఒహైయోను ఆనుకొని నిలిచి, మోకులతో గట్టిగా కట్టుకొనెను. మూడు ఓడలును ఒక్క ఓడవలె నయ్యెను. ఒహైయో ఒక ప్రక్కకు తిరుగబోయినచో ఆ ప్రక్క ఓడ తన యంత్రవేగమును కొంచెము పెంచి సరిదిద్దును. అంతేకాదు, క్రుంగుచున్న ఓడకు రెండు ప్రక్కల ఆసరా దొరకెను. రోగిని ముందునుండి చేయిపట్టి గుంజక, ఇరువురు చెరియొక భుజము క్రింద చేయి వేసి నడిపించినట్లే యిది. నడక మందముగానే యుండెను గాని, దారి తప్పలేదు.

రేవు దగ్గర చిక్కు తీరలేదు. దీవి చుట్టు మందుపాతరలు నాటిన నీళ్లు. వాని నడుమ ఇరుకైన దారిలో, చీకటిలో, యంత్రము లేని ఓడను త్రిప్పవలెను. ఈ చివరిభాగమున మాల్టా రేవు టగ్గులు వచ్చి తమ పని తాము చేసెను. ఆగస్టు 15వ తేదీ ఉదయమున ఒహైయో గ్రాండు హార్బరు ప్రవేశించెను. ఆ దినము మాల్టావారికి సాంతా మరియా పండుగ. రేవుగోడలపై జనము నిండి జయధ్వానములు చేసిరి. నేటికిని అచ్చటివారు ఆ ఓడలగుంపును సాంతా మరియా కాన్వాయి యనియే పిలుచుచున్నారు.

వెంటనే పంపులు పెట్టి చమురును తోడనారంభించిరి. చమురు వెలుపలికి వచ్చిన కొలది ఓడ క్రుంగెను. ఏలయనగా దానిని తేల్చుచుండినది ఆ చమురే గదా! సరకు ముగియువేళకు ఒహైయో రేవు అడుగున ఆనుకొనెను. తాను మోసికొనివచ్చిన దానిని ఒప్పగించువరకు నిలిచి, తరువాతనే కూర్చుండెను. ఆ ఓడ మరల ప్రయాణమునకు పనికిరాలేదు. తరువాత దాని నడుము విరిగి రెండు తునకలు కాగా, కొంతకాలము సామాను కొట్టుగాను, నావికుల విడిదిగాను వాడుకొని, 1946లో సముద్రమునకు తీసికొనిపోయి ముంచివేసిరి.

ఈ జయమునకు చెల్లించిన వెలను దాచరాదు. పదునాలుగు ఓడలలో చేరినవి అయిదే. ఈగిల్ అను విమానవాహక నౌకయు, మరి కొన్ని యుద్ధనౌకలును మునిగెను. కొన్ని వందలమంది ప్రాణములు కోల్పోయిరి. చేరిన అయిదు ఓడల సామగ్రితో దీవి నిలువగలిగెను. కెప్టెను మేసనుకు జార్జి క్రాసు లభించెను.

దీనినుండి గ్రహింపదగినది

ఒహైయోను కాపాడినది గొప్ప బలము కాదు. లాగిన ఓడలు దానికంటె చిన్నవి. మొదట ప్రయోగించిన బలము మోకులను తెంపుటకే పనికివచ్చెను. బలమును ఎచ్చట, ఏ దిశగా, ఎంత మెల్లగా ప్రయోగింపవలెనో తెలిసిన తరువాతనే ఓడ కదలెను. చదువులో వెనుకబడిన పిల్లవానిని చూచి మేము పలుమారులు దీనిని తలచుకొందుము. ముందునుండి గుంజినచో వాడు అడ్డము తిరుగును. ఇంటివారొక ప్రక్క, బడివారొక ప్రక్క ఆనుకొని నిలిచినచో వాడును సాగును. ఇంటిభాషయే బడిభాష యైనచో ఆ రెండు ప్రక్కలను కట్టు మోకు గట్టిగా నుండును.

పిల్లలకు నమ్మకము కలుగవలెనన్న ఇంటనే యొక ప్రయోగము చేయింపుడు. వెడల్పైన పళ్లెము నిండ నీరు పోసి, అట్టతో చేసిన చిన్నపడవను తేల్చి, దాని యొక ప్రక్క తాటాకుముక్క నొకదానిని నీటిలోనికి దిగునట్లు అంటింపుడు. పడవ ముందుకొనకు దారము కట్టి లాగినచో అది ఆకు ఉన్న ప్రక్కకు తిరుగును. తరువాత దారము విడిచి, రెండువ్రేళ్లతో రెండు ప్రక్కల పట్టి నడుపుడు. తిన్నగా పోవును. కారణమేమని పిల్లల నడుగుడు. వారు ఏ భాషలో జవాబు చెప్పుదురో వినుడు.