ఒకే బండి, రెండు ట్యాంకులు

మా బావ బండీ నా బండీ పక్కపక్కన నిలబెడితే, వెనకున్న అక్షరాలు చదివితే గానీ ఏది ఎవరిదో చెప్పలేరు. రెండూ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీలే. నాది 1.2 లీటర్ల టీఎస్ఐ పెట్రోలు, బావది 1.5 లీటర్ల టీడీఐ డీజిలు. రెండూ టర్బో ఇంజిన్లే, రెండింటికీ 105 హార్స్‌పవరే. కాకపోతే నాది ఏడు గేర్ల ఆటోమేటిక్, తనది అయిదు గేర్ల మాన్యువల్. డీజిలు బండి కాస్త బరువు కూడా. ఈ చిన్న తేడాలు పక్కనపెడితే, హుషారుగా పరిగెత్తే బళ్లలో పెట్రోలు, డీజిలు మైలేజీ పోల్చడానికి ఇంతకంటే దగ్గరి జోడీ నేను చూడలేదు.

కంపెనీ చెప్పిన లెక్క నాది లీటరుకు 17 కిలోమీటర్లు, బావది దాదాపు 20. "మూడు కిలోమీటర్ల కోసం ఆ గడగడ మోత ఎలా భరిస్తున్నావు బావా?" అనేవాణ్ణి. "మూడో ఆరో బంకు దగ్గర తేల్చుకుందాం రారా" అన్నాడు ఒకరోజు.

రెండు ఆదివారాలు పెట్టుకున్నాం. తెల్లవారుజామున హయత్‌నగర్‌లో బయల్దేరి విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాకా వెళ్లి, టీ తాగి, వెనక్కి రావాలి. మొత్తం 238 కిలోమీటర్లు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూసుకున్నాం. ఏసీ రెండు బళ్లలోనూ రెండో నంబరు మీదే. ట్యాంకు నింపేటప్పుడు నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే చాలు. బంకు కుర్రాడు అలవాటు ప్రకారం రూపాయలు రౌండ్ చెయ్యడానికి మళ్లీ నొక్కబోతే బావ గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. అలా అదనంగా పడే అర లీటరే లెక్క మొత్తాన్ని పాడు చేస్తుంది. తిరిగొచ్చాక అదే బంకులో, అదే పంపు దగ్గర, బండి అదే వైపు తిప్పి నింపాం.

మొదటి ఆదివారం వేగం 80 దాటలేదు. నా బండి 12.9 లీటర్లు తాగింది, అంటే లీటరుకు 18.4. బావది 10.2 లీటర్లే, లీటరుకు 23.3. ఇద్దరివీ కంపెనీ లెక్కను దాటాయి! రెండో ఆదివారం 100 దగ్గర నడిపాం. లారీలు దాటేటప్పుడు కాలు గట్టిగానే వేశాం. నాది 17 లీటర్లు, బావది 12.3. పెట్రోలు 14కి పడిపోయింది, డీజిలు 19 పైనే నిలబడింది. కాగితం మీదున్న మూడు కిలోమీటర్ల తేడా రోడ్డు మీద అయిదు దాటింది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను కాబట్టి కారణం తెలుసుకోకుండా ఊరుకోలేను. కంపెనీ చెప్పే అంకె రోడ్డు మీద పుట్టదు. పరీక్షశాలలో బండిని రోలర్ల మీద ఎక్కించి, ఏసీ ఆపి, దాదాపు ఇరవై నిమిషాలు నడుపుతారు. మన దేశపు పాత పరీక్షలో వేగం 90 దాటదు. మరి గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే వేగం పెరిగేది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం యాభై శాతం పైన. రెండు బళ్లకూ ఈ దెబ్బ ఒకటే. అయినా పెట్రోలుకే ఎక్కువ తగిలింది. ఎందుకు?

ముందు రెండింటి మధ్య ఎప్పుడూ ఉండే తేడా చూద్దాం. పెట్రోలు ఇంజిను గాలిని కొలిచి తాగుతుంది. మెల్లగా పోతున్నప్పుడు గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ రేకు సగం మూసుకుని ఉంటుంది. ముక్కు నొక్కుకుని ఊపిరి పీల్చినట్టు, ఆ పీల్చడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. డీజిలు ఇంజిన్ గాలిని ధారాళంగా పీల్చుకుని, డీజిలు చుక్కలు పెంచుతూ తగ్గిస్తూ బలం సర్దుకుంటుంది. గాలిని ఎక్కువగా నొక్కుతుంది కాబట్టి మండినదాంట్లోంచి ఎక్కువ పని రాబడుతుంది. ఇక కాలు గట్టిగా నొక్కామంటే, చాలా టర్బో పెట్రోలు ఇంజిన్లు లోపలి వేడిని తట్టుకోవడానికి అవసరానికి మించిన పెట్రోలు చిమ్ముతాయి. అది చల్లార్చడానికే పోతుంది. చిన్న ఇంజిన్ నుంచి పెద్ద పికప్ లాగినందుకు మనం కట్టే మూల్యం అదే.

ఇక్కడ డీజిలు ఇంజిన్‌కు చెందని గొప్ప ఒకటి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. లీటరు డీజిల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు 12 శాతం ఎక్కువ. అంటే ఆ తేడాలో కొంత ఇంజిన్ తెలివి కాదు, ద్రవం చిక్కదనం. పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్లో మూడింట రెండు వంతులే. కాబట్టి అసలు పెట్రోలుతో పోలిస్తే లీటరు మీద ఆరేడు శాతం శక్తి తగ్గినట్టే.

ఊళ్లో అయితే నాది తొమ్మిదిన్నర, బావది పదమూడున్నర. అలా అని డీజిలే కొనండి అని నేను అనను. లీటరు పెట్రోలు 107, డీజిలు 96 చొప్పున వేస్తే, రెండో ఆదివారం నాకు కిలోమీటరుకు 7 రూపాయల 64 పైసలు, బావకు 4 రూపాయల 96 పైసలు. తేడా 2 రూపాయల 68 పైసలు. డీజిలు బండి లక్షన్నర ఎక్కువైతే ఆ డబ్బు తిరిగి రావడానికి 56 వేల కిలోమీటర్లు నడపాలి. ఏడాదికి పాతిక వేలు తిరిగే బావకు రెండేళ్ల పైచిలుకు. ఏడు వేలు తిరిగే నాకు ఎనిమిదేళ్లు. 2014 అక్టోబరులో డీజిలు ధరను ప్రభుత్వం మార్కెట్‌కు వదిలెయ్యకముందు, రెండింటి మధ్య లీటరుకు పాతిక రూపాయలకు పైగా తేడా ఉన్న కాలం వేరు. ఆ రోజుల లెక్కతో ఇప్పుడు బండి కొనకూడదు.

ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక డీజిలు బళ్లకు పొగలో మసిని పట్టే ఫిల్టరు బిగించారు. ఆ మసి కాలాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా పరిగెత్తాలి. రోజూ స్కూలుకీ కూరగాయల బజారుకీ మాత్రమే తిరిగిన మా పక్కింటాయన డీజిలు బండిలో ఆ ఫిల్టరు హెచ్చరిక దీపం మూడు నెలలకోసారి వెలిగేది.

మీ బండి అసలు ఎంతిస్తోందో తెలియాలంటే మీటరు మీద కనిపించే అంకెను నమ్మకండి. నా బండిలో అది ప్రతిసారీ ఒక కిలోమీటరు ఎక్కువే చూపించింది. ట్యాంకు నింపి, మొదటి కట్ దగ్గర ఆపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మీరు రోజూ నడిపే దారిలో రోజూ నడిపేలాగే నడపండి. మూడు ట్యాంకులు ఇలా రాసి పెట్టుకున్నాకే తర్వాతి బండి పెట్రోలా డీజిలా అన్నది తేల్చుకోండి.